సర్దార్‌బీ నింపిన సీసా

తెల్లారేసరికి సర్దార్‌బీ పొయ్యి ముట్టించి, కోళ్ళగంప ఎత్తి, వాకిలి ఊడ్చేసింది. కోడలు నజీరా దొడ్లోంచి వచ్చింది. చేతిలో సీసా, దాని మీద పైటకొంగు. మొగుడి కంట పడకుండా దాన్ని గోడవారన పెట్టి, తల వంచుకుని లోపలికి పోయింది.

నజీరాకు నెలలు నిండవస్తున్నాయి. ముందు రోజు చిలకలూరిపేటలో లేడీ డాక్టరు ఆమె కాలు వేలితో నొక్కి చూసింది. నొక్కినచోట గుంట పడి చాలాసేపు పూడలేదు. "పొద్దున లేవగానే మూత్రం సీసాలో పట్టి పంపించండి. కాచినప్పుడు తెల్లగా విరిగితే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు, ఆస్పత్రిలో చేరాలి. తల్లికీ బిడ్డకీ ప్రమాదం," అని మరీ మరీ చెప్పింది.

సర్దార్‌బీకి ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. నిరుడు నజీరాకు పుట్టిన పిల్ల పుట్టిన పూటే పోయింది. కడుపుతో ఉన్నదాని వెంట్రుక పోగు కూడా గడప దాటకూడదని, దాటితే చేతబడి చేస్తారని, అట్టా ఏదో దాటి ఉంటుందని మంత్రసాని అంది. ఆ మాట సర్దార్‌బీ గుండెలో ముల్లులా దిగిపోయింది. ఈసారి కోడలి దువ్వెన వెంట్రుకలూ గోళ్ళూ తనే ఏరి దొడ్లో పూడ్చిపెడుతోంది. అంత కాపాడుకుంటున్న మనిషి ఒంట్లోంచి వచ్చినదాన్ని సీసాకెత్తి, ఎవరెవరి చేతుల్లోనో పడేటట్టు పంపటమా?

కొడుకు ఖాజావలి దూదేకే విల్లు సైకిలుకు కట్టుకుంటున్నాడు. పేటలో పరుపుల పని ఉంది. సర్దార్‌బీ అటూ ఇటూ చూసి సీసా తీసుకుని దొడ్లోకి పోయింది. ఉన్నది చిక్కుడుపాదులో పారబోసి, నీళ్ళతో తొలిచి, తనది పట్టింది. బిరడా బిగించి కొడుకు చేతికిచ్చింది.

"జాగ్రత్తరా, ఒలికిద్ది."

"అత్తరు సీసాలాగా ఇస్తున్నావేందమ్మా," అని నవ్వి వాడు సైకిలెక్కాడు.

సాయంత్రం వస్తూనే కేకేశాడు. "ఏమీ లేదంట. కాచినా నీళ్ళల్లే తేటగా ఉందంట. ఊరికే బెదరగొట్టింది ఆ డాక్టరమ్మ."

సర్దార్‌బీ అల్లాకు దణ్ణం పెట్టుకుంది. తనది తేటగా ఉంటే కోడలికేం ఒరిగిందన్న ఆలోచన అప్పుడు రాలేదు. సీసా గడప దాటింది, కోడలిది మాత్రం దాటలేదు. అంతే అనుకుంది. డాక్టరమ్మ వద్దన్న ఉప్పు మళ్ళీ కూరలో పడింది. పండుమిరపకాయ పచ్చడి కంచంలోకి వచ్చింది.

వారం తిరక్కుండా నజీరా మొహం ఉబ్బింది. గాజులు చేతికి పట్టేశాయి. ఒక పొద్దున లేచి గడప దాటబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"అత్తా, తల పగిలిపోతుంది. గడప రెండుగా కనపడతంది."

సర్దార్‌బీ చేట పక్కన పడేసి వచ్చి ఆమెను పట్టుకుంది.

"ఎండకు పైత్యం చేసుంటది. శొంఠి పట్టు వెయ్యమ్మా," అన్నాడు ఖాజావలి, మొహం కడుక్కుంటూ.

"పట్టు కాదురా. యలమందయ్యను బండి కట్టమను. పేట పోదాం."

"పరీక్ష బాగుందన్నారుగా. ఊరికే ఎందుకు కంగారు పడతావు?"

"ఆ పరీక్ష దానిది కాదు."

"మరెవరిది?"

"నాది."

ఖాజావలి చెంబు కింద పెట్టాడు.

"దానిది పాదులో పోసి నాది పట్టానురా. ఎవరి చేతిలో పడుద్దో, ఏం చేయిస్తారోనని..."

"చేతబడి చెయ్యటానికి ఆస్పత్రోళ్ళకు నీ కోడలే దొరికిందా? అక్కడ బల్ల నిండా సీసాలే. తాసిల్దారు పెళ్ళాందీ ఉండి ఉంటది. దీనికేమన్నా అయితే ఎవరిని అడగాలమ్మా నేను? మంత్రసానినా, నిన్నా?"

"నన్నే అడుగు. ముందు బండి తీసుకురా."

వాడు చొక్కా కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు.

బండిలో నజీరా తల ఒళ్ళో పెట్టుకుంది సర్దార్‌బీ. మిరపకళ్ళాల పక్కనుంచి పోతుంటే ఘాటుకు యలమందయ్య దగ్గాడు. ఆమెకు మాత్రం కోడలి ఊపిరి తప్ప ఏదీ తెలియలేదు. ఖాజావలి బండి వెనకే నడిచాడు, తల్లి మొహం చూడకుండా.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అక్కడికక్కడే మూత్రం పట్టించి గాజుగొట్టంలో దీపం మీద కాయించింది. తేటగా ఉన్నది కాస్తా పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోయింది.

"పోయిన వారం తేటగా ఉందే?" అంది డాక్టరమ్మ.

ఖాజావలి నోరు తెరవబోయాడు. సర్దార్‌బీయే చెప్పింది, అంతా.

డాక్టరమ్మ కోపంగా చూసి, ఆ కోపం మింగేసింది. "ఇప్పుడు ఫిట్స్ రాకుండా చూడాలి. చీకటి గదిలో పడుకోబెడతాం. చప్పుడు ఉండకూడదు. ఏడిస్తే బయటికి పంపించేస్తాను."

తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టారు. సూది వేశారు. సర్దార్‌బీ మంచం పక్కన నేల మీద కూర్చుని పైట నోట్లో కుక్కుకుంది.

ఎంతసేపటికో నజీరా మెల్లగా పిలిచింది.

"అత్తా. ఆ రోజు చూశాను."

"ఏంటమ్మా?"

"నువ్వు పాదులో పారబొయ్యటం. తడికె సందులోంచి."

"మరి అడగలేదేమే?"

"నాకూ భయమే. నాదైతే ఏం చెప్తారో ఏమోనని. నీది పోతే మంచిదే వస్తది గదా అనుకున్నా. ఈయన నిన్నొక్కదాన్నే అంటుంటే నోరు లేవలేదు నాకు."

సర్దార్‌బీ ఆ ఉబ్బిన చేతిని తన చెంపకు ఆనించుకుంది. చప్పుడు చెయ్యకూడదు కాబట్టి కన్నీళ్ళు ఊరికే కారిపోయాయి. నజీరా అత్త చేతిని లాగి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల చిన్నగా ఒక తన్ను.

నర్సు మూత్రం పట్టే పళ్ళెం తీసుకుని వచ్చింది. "మళ్ళీ పరీక్షకు కావాలి. అవ్వా, నువ్వు బయటికి పో."

"అత్తను ఉండనీ," అంది నజీరా.

సర్దార్‌బీ కోడలిని లేపి తన భుజానికి ఆనించి పట్టుకుంది. పళ్ళెం తనే పట్టింది. ఒక్క బొట్టు ఒలకనివ్వలేదు. దాని మీద కొంగు కప్పకుండా నర్సుకు అందించింది.

"ఇది నా కోడలిదేనమ్మా," అంది గుసగుసగా. "బాగా కాచి చూడండి."