సొరంగంలో ‘ముందు మీరు’

గోదావరి జిల్లాల వాళ్ళ మర్యాద భూమి మీద ఎంతమందిని ఇబ్బంది పెట్టిందో లెక్కలేదు. భూమి కింద కూడా పెడుతుందని వియత్నాంలో తెలిసింది.

హో చి మిన్ సిటీకి రెండు గంటల దూరంలో కు చి అని ఒక చోటుంది. అమెరికాతో యుద్ధం జరిగిన రోజుల్లో అక్కడి జనం నేల కింద సొరంగాలు తవ్వుకుని, వాటిల్లోనే వండుకుని, తిని, పడుకుని, పోరాడారు. ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా దూరొచ్చు. అలా దూరిన ఒక సొరంగం మధ్యలో, గుడ్డి బల్బు కింద, మోకాళ్ళ మీద పాకుతూ వస్తున్న శ్యాంబాబుకి అటువైపు నుంచి పాకుతూ వస్తున్న శ్రీదుర్గ ఎదురుపడింది. ఇద్దరి మధ్యా ఒక బియ్యం సంచి ఉంది. సంచి నిండా చెప్పులున్నాయి.

“మీరా?” అన్నాడు శ్యాంబాబు.

“నేనేనండి.”

“టిఫిన్ చేశారా?”

సొరంగంలో అడగాల్సిన ప్రశ్న కాదని అతనికీ తెలుసు. కానీ నోరు దాని అలవాటు అది చూపించేసింది.

“మీ పక్క టేబుల్ దగ్గరే కదండీ తిన్నాను.”

“అవునవును. సరే, మీరు ముందుకి రండి. నేను వెనక్కి వెళ్తాను.”

“అయ్యో, మీకెందుకండీ శ్రమ? మీరే రండి. నేను వెళ్తాను వెనక్కి.”

“అబ్బెబ్బే, ముందు మీరు.”

“లేదండీ, ముందు మీరు.”

ఇద్దరూ కదల్లేదు.

సొరంగంలోకి చెప్పులెలా వచ్చాయో చెప్పాలి. రాజమండ్రి త్రిమూర్తులు గారు వంటవాడితో, బియ్యంతో, ఆవకాయతో సహా జనాన్ని విదేశాలు తిప్పుతూంటారు. ఆ టూర్‌లో శ్యాంబాబు, వాళ్ళ నాన్న, శ్రీదుర్గ, ఆమె మేనత్త రమాదేవి గారు ఉన్నారు. ఇక్కడ ఎంతమంది చనిపోయారో వియత్నాం గైడు ఇంగ్లీషులో చెబితే, ఆవిడ కళ్ళు తుడుచుకుని, “అంతమంది ప్రాణాలు పోయిన చోటికి చెప్పులతో వెళ్తారేంటండి?” అన్నారు. అంతే, బస్సు మొత్తం సొరంగం గుమ్మంలో చెప్పులు విడిచేసింది. గైడు ‘నో నీడ్, నో నీడ్’ అని మొత్తుకున్నాడు. “నీకు తెలీదులే బాబూ,” అన్నారావిడ తెలుగులో.

సొరంగం గుళ్ళాంటిది కాదు. వెళ్ళిన దారినే బయటికి రావడం ఉండదు. అటు చివర అడవిలో తేలాక అందరికీ ఆ సంగతి తెలిసింది. కింద ముళ్ళు, ఎర్రచీమలు. అందరూ ఒక్కసారి శ్యాంబాబు వైపు చూశారు. పని చెప్పకుండానే చేసిపెట్టే మొహం అతనిది. “నేను తెస్తానండి,” అని మళ్ళీ సొరంగంలోకి దూరాడు.

దిగిన గుమ్మం దగ్గర అందరికన్నా వెనకున్న శ్రీదుర్గ ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. వంటవాడిని అడిగి ఖాళీ బియ్యం సంచి తెచ్చి, చెప్పులన్నీ అందులో వేసి, ముందుకు తోసుకుంటూ బయల్దేరింది. ఇద్దరూ మంచివాళ్ళే. చిక్కల్లా అదే.

వాళ్ళకిది మొదటి పరిచయం కూడా కాదు. రెండు నెలల క్రితం ఆత్రేయపురంలో ఇద్దరికీ పెళ్ళిచూపులయ్యాయి. శ్యాంబాబు రామచంద్రపురంలో బ్యాంకు ఆఫీసరు. శ్రీదుర్గ వాళ్ళది పూతరేకుల వ్యాపారం, ఆన్‌లైన్ ఆర్డర్లన్నీ ఆమే చూస్తుంది. పెద్దవాళ్ళు “మాట్లాడుకోండి” అని ఇద్దరినీ పెరటి వరండాలో కూర్చోబెట్టారు.

“నేను నచ్చానాండి?” అని శ్రీదుర్గ సూటిగానే అడిగింది.

“ముందు మీరు చెప్పండి, పర్వాలేదు,” అన్నాడు శ్యాంబాబు.

“ముందు నేనడిగాను కదండీ.”

“అయినా సరే, ముందు మీరు.”

అరటికాయ బజ్జీలు చల్లారిపోయాయి. కారెక్కేటప్పుడు శ్యాంబాబు వాళ్ళు “మేం ఫోన్ చేస్తామండి” అన్నారు. ఆడపెళ్ళివారు “మీకెందుకండి, మేమే చేస్తాం” అన్నారు. ఎవరూ చెయ్యలేదు. మనం ముందు చేస్తే ఆడపిల్ల వాళ్ళని తొందరపెట్టినట్టుంటుందని శ్యాంబాబు వాళ్ళమ్మ ఆగింది. మగపెళ్ళివారు చెయ్యకుండా మనం చేస్తే బాగోదని ఆత్రేయపురం ఆగింది. రెండిళ్ళ మధ్యా గోదావరి పాయొకటి, ఒక్క ఫోన్ కాలూ అడ్డం. పాయ మీద వంతెన ఉంది.

ఈలోగా తణుకు నుంచి ఓ పళ్ళ డాక్టరు సంబంధం వచ్చింది. టూర్ నుంచి తిరిగి వెళ్ళగానే వచ్చే ఆదివారమే తాంబూలాలు. ఈ శుభవార్త విమానంలో రమాదేవి గారే శ్యాంబాబుకి చెప్పి, చేతిలో ఓ పూతరేకు పెట్టారు. అతను తిని, “చాలా సంతోషమండి,” అన్నాడు. ఆ పూతరేకు ఇప్పటికీ గొంతు దిగలేదు.

ఆ పొద్దున్నే ఇంకోటి జరిగింది. సొరంగాల దగ్గర ఒకామె కుండ మీద బిగించిన గుడ్డపై బియ్యప్పిండి జారుగా పోసి, ఆవిరికి పల్చటి రేకులు తీస్తోంది. శ్రీదుర్గ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. భాష రాదు. చెయ్యి చాపింది. ఆమె గరిటె ఇచ్చింది. మొదటి రేకు చిరిగింది, రెండోది నిలిచింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకుని నవ్వుకున్నారు. శ్రీదుర్గ చెంప మీద కాస్త పిండి అంటుకుంది. సరిగ్గా అప్పుడే, ఈ అమ్మాయి లేకపోతే తను బతకడం కష్టమని శ్యాంబాబుకి తెలిసిపోయింది. తెలిసి చేసిందేమీ లేదు. పక్కాయన ఫోటోకి అడ్డొస్తున్నానేమోనని కాస్త జరిగాడు.

అదీ జరిగిన కథ. ఇప్పుడు సొరంగంలో, శ్రీదుర్గ వెనక ఎక్కణ్ణుంచో “హలో?” అని ఓ విదేశీ గొంతు వినిపించింది.

“వన్ మినిట్ ప్లీజ్,” అని అరిచి, శ్రీదుర్గ సంచి మీద మోచేతులానించింది. “చూశారుగా. నా వెనక జనం ఉన్నారు. నేను వెనక్కి వెళ్ళలేను.”

“అయితే నేనే వెళ్తానండి.”

“ఆగండి. ఆదివారం తణుకు వాళ్ళొస్తున్నారు. తెలుసా?”

“తెలుసండి. చాలా సంతోషం.”

“ఎవరికి?”

శ్యాంబాబు సంచి మూతి సర్దసాగాడు.

“మా నాన్నకి సంతోషం. అత్తకి సంతోషం. మీకూ సంతోషమేనా?”

“అంటే... ముందు మీరు...”

“శ్యాంబాబు గారూ!” శ్రీదుర్గ సంచిలో చెయ్యి పెట్టింది. “ఇంకోసారి ‘ముందు మీరు’ అన్నారంటే చెప్పు తీస్తాను. చేతికి ఏదొస్తే అది. ఇందులో మీ నాన్నగారివి కూడా ఉన్నాయి.”

సరిగ్గా వాళ్ళ నెత్తి మీద, అడవిలో, ఇంకో సంగతి జరుగుతోంది. ఆ రోజుల్లో కింద ఉన్నవాళ్ళకి గాలాడ్డానికి కన్నాలు పెట్టి, శత్రువు కనిపెట్టకుండా వాటిని చీమల పుట్టల్లా కట్టారు. గైడు ఆ ముక్క చెప్పినప్పుడు రమాదేవి గారు ఆత్రేయపురంతో ఫోన్లో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని సొరంగంలో దిగకుండా, చెట్ల కింద ఒట్టికాళ్ళతో తిరుగుతూండగా పుట్ట కనబడింది. పుట్ట కనబడ్డాక ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు, కుంకుమ, పిఠాపురం అమ్మవారి అక్షింతలు, హోటల్లో కాఫీకిచ్చిన చిన్న పాల ప్యాకెట్టూ బయటికొచ్చాయి.

శ్యాంబాబు తండ్రి కామేశం గారు పక్కనే ఉన్నారు. రిటైర్డ్ మాస్టారు, గైడు చెప్పింది శ్రద్ధగా విన్నారు. కానీ చెబితే ఆవిడ నొచ్చుకుంటారని, తనూ ఓ ప్రదక్షిణ చేశారు.

“నాగేంద్రస్వామీ,” అని రమాదేవి గారు కళ్ళు మూసుకున్నారు. “తణుకు వాళ్ళు ఫోటో చూసి సరేనన్నారు. కానీ నా మనసు మనసులో లేదు తండ్రీ. మా దుర్గని మనసారా ఇష్టపడ్డవాడికే ఇయ్యాలని ఉంది. నువ్వే ఏదో ఒకటి చెప్పు.” పాలు పోశారు.

కింద శ్యాంబాబు నెత్తి మీద ఓ చుక్క పడింది.

“పైన వానేమోనండి,” అన్నాడు, మాట మారుతుందేమోనన్న ఆశతో.

“వాన తెల్లగా ఉండదు. చెప్పండి.”

శ్యాంబాబు ఆమె వైపు చూశాడు. మట్టి కొట్టుకున్న మొహం. చెంప మీద పొద్దుటి పిండి ఇంకా కాస్త మిగిలుంది. ఆదివారం దాటితే ఆ పిండి వైపు చూసే హక్కు కూడా తనకుండదు.

“నాకు సంతోషం లేదండి,” అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అలాంటి మాట అనలేదు. అన్నాక పైకప్పు కూలలేదని గమనించి, కొనసాగించాడు. “విమానంలో విన్నప్పట్నుంచీ అన్నం సయించట్లేదు. ఆ రోజు మీరు అడగ్గానే చెప్పాల్సింది. చెప్పాక మీరు కాదంటారేమోనని భయమేసింది. ఆ భయానికి మర్యాద అని పేరెట్టుకున్నాను. మీరు నాకు నచ్చారండి.”

టూరిస్టులు సరదాకి తుపాకులు పేల్చుకునే చోటొకటి దగ్గర్లోనే ఉంది. సరిగ్గా అప్పుడే అక్కడ ఢామ్మని మోగింది.

“వినపళ్ళేదు,” అంది శ్రీదుర్గ.

“నచ్చారండీ!” అని అరిచాడు శ్యాంబాబు. “ఆత్రేయపురంలోనే నచ్చారండీ!”

“మొదటిసారే వినపడిందిలెండి,” అంది శ్రీదుర్గ మెల్లగా. “ఇంకోసారి వినాలనిపించింది.”

పైన రమాదేవి గారు కళ్ళు తెరిచారు.

“కామేశం గారూ, విన్నారా? పుట్ట పలికిందండి!”

“విన్నానండి.”

“స్వామి గొంతు అచ్చం మీ అబ్బాయి గొంతులా ఉందేంటి?”

కామేశం గారు గొంతు సవరించుకున్నారు. ఇక మర్యాదకి చోటు మిగల్లేదు. “మావాడేనండి. కింద సొరంగం ఉంది. ఇది గాలి కన్నం. మీతో అందామనే అనుకున్నాను...”

అంతలో పుట్ట ఆడగొంతుతో మాట్లాడింది. “నాక్కూడా మీరే కావాలండి. మీ ఫోన్ కోసం చూసి చూసి, రాకపోయేసరికి నాన్నతో ‘మీ ఇష్టం’ అనేశాను. కోపంతో అన్నాను. ఆ రాత్రంతా ఏడ్చాను.”

రమాదేవి గారు కొంగు సర్దుకుని, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి, పుట్ట ముందు వంగారు.

“ఒసే దుర్గా! ఈ మాట నాతో చెప్పొచ్చు కదే!”



“ముందు ఆయన చెబుతారని చూశానత్తా,” అంది పుట్ట.

“అయితే ఇప్పుడు తణుకు వాళ్ళు నొచ్చుకుంటారేమోనండి,” అన్నారు కామేశం గారు. ఆయన బెంగ ఆయనది.

“నేను చెప్పుకుంటాను. పళ్ళు పీకేవాళ్ళు ఆ మాత్రం నొప్పి ఓర్చుకోలేరేంటండి?” రమాదేవి గారు అక్షింతలు చేతిలోకి తీసుకున్నారు. “నేను స్వామిని అడిగాను. స్వామి మీ అబ్బాయి చేత చెప్పించాడు. ఇంక కాదనడానికి మనమెవరం? మీరూ ఓ నాలుగు గింజలు తీసుకోండి.”

“ముందు మీరు వెయ్యండి,” అన్నారు కామేశం గారు.

ఆవిడ ఆయన వైపు ఎలా చూశారో గానీ, ఆయనే ముందు వేశారు.

పసుపు గింజలు ఏటవాలు కన్నంలోంచి దొర్లి, సగం చెప్పుల సంచి మీదా సగం ఇద్దరి తలల మీదా పడ్డాయి. శ్రీదుర్గ జుట్టులో చిక్కుకున్న గింజని శ్యాంబాబు తియ్యబోయి, అడక్కుండా తియ్యొచ్చో లేదో అని ఆగాడు. ఆమె తల కాస్త వంచింది. ఈసారి ఆగకుండా తీశాడు.

“హలో?” అంది వెనక గొంతు మళ్ళీ.

సంచి లాక్కుంటూ శ్యాంబాబు వెనక్కి పాకాడు. చొక్కా చిరిగింది, మోచెయ్యి గీసుకుంది. ఎదురుగా ఆమె నవ్వుతూ పాకుతూ వస్తోంది కాబట్టి సొరంగం ఇంకాస్త పొడుగుంటే బాగుండుననుకున్నాడు. చివరికి కాళ్ళు ముందు, మొహం ఆఖర్న బయటపడ్డాడు. కాబోయే అల్లుడిగా రమాదేవి గారికి అతని మొదటి దర్శనం అలా జరిగింది.

పైన వాన మొదలైంది. రబ్బరు చెట్ల ఆకుల మీద టపటపమంటోంది. బస్సు జనం సంచి చుట్టూ మూగి, తడుస్తూ, ఎవరి జోడు వాళ్ళు వెతుక్కుంటున్నారు. శ్యాంబాబు ఓ చెట్టు కింద నిలబడి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. “అమ్మా, ఎవరికోసమూ చూడకు. ఆత్రేయపురం వాళ్ళకి ముందు నువ్వే చెయ్యి,” అన్నాడు. రెండు చెట్ల అవతల రమాదేవి గారు వాళ్ళ అన్నయ్యకి అదే మాట చెబుతున్నారు.

పావుగంట తర్వాత ఇద్దరికీ జవాబులొచ్చాయి. రామచంద్రపురం నుంచి ఎన్నిసార్లు చేసినా ఆత్రేయపురం లైను బిజీ. ఆత్రేయపురం నుంచి ఎన్నిసార్లు చేసినా రామచంద్రపురం లైను బిజీ.

“ఒకళ్ళని ఆగమందామా?” అన్నాడు శ్యాంబాబు.

“వద్దండి,” అంది శ్రీదుర్గ. “రెండు నెలలు ఆగారు చాలు. చేసుకోనివ్వండి.”

త్రిమూర్తులు గారు విజిలేశారు. బస్సు తలుపు దగ్గర అలవాటు కొద్దీ శ్యాంబాబు పక్కకి జరిగి, చెయ్యి చూపించి, “ముందు...” అని ఆగాడు. శ్రీదుర్గ తన కాలి చెప్పు వైపు ఓసారి చూసుకుంది.

శ్యాంబాబు గబగబా ముందెక్కి, రెండు సీట్లు ఖాళీగా ఉన్న వరస చూసి, కిటికీ వైపు తనే కూర్చున్నాడు. పక్క సీటు మీద వాన నీళ్ళు రుమాలుతో తుడిచాడు.

“రా,” అన్నాడు.

‘అండి’ లేకుండా అతను ఓ ఆడపిల్లతో మాట్లాడడం అదే మొదలు. శ్రీదుర్గ వచ్చి కూర్చుంది.