మేడ మీద కుట్టుమిషను

ఆ మ్యూజియం తోటలో పాతకాలపు ఇళ్ళు నాలుగున్నాయి. మూడింటి గురించి ఎవరూ ఏమీ అనరు. తోట చివర, గులాబీల వెనక ఉన్న దర్జీ ఇంటికే చెడ్డపేరొచ్చింది. చూడ్డానికొచ్చినవాళ్ళు వెళ్ళిపోయి చీకటి పడితే చాలు, మేడ మీద కుట్టుమిషను దానంతటదే నడుస్తుందట! రెండు నెలలుగా ఇదే మాట. తోటమాలి అయితే ఆ గులాబీలకు మిట్టమధ్యాహ్నమే నీళ్ళు పోసేసి చేతులు దులుపుకుంటున్నాడు.

అక్కడికి సూదక్క వెళ్ళింది. ఊళ్ళో సగం మంది బట్టలు ఆవిడ కుట్టినవే. వెంట ఆడపడుచు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. టిక్కెట్లిచ్చే అమ్మాయి దెయ్యం మాట ఎత్తగానే, "దెయ్యాల్లేవు, గియ్యాల్లేవు" అని ఆ వదినగారే కసిరేసింది.

అన్నీ తిరిగి చూశారు. మూసేవేళ గంట కొట్టారు. గేటు దాకా వచ్చాక సూదక్క ముక్కు తడుముకుంది.

"వదినా... నా కళ్ళజోడు! దర్జీ మేడ మీద, కిటికీలో పెట్టి మర్చిపోయా."

"రేపు తెచ్చుకుందువులే."

"అది లేకపోతే సూదిలో దారం ఎక్కదు. రేపు పొద్దున్నకి ఆరు జాకెట్లివ్వాలి."

వదిన గొంతు సవరించుకుంది. "నాకసలే మోకాళ్ళ నొప్పులు. నువ్వెళ్ళిరా... తొందరగా."

అప్పటికే మసక పడింది. ఇంటి తలుపు ఓరగా తీసే ఉంది. సూదక్క చెక్కమెట్లు ఎక్కసాగింది. ఒకటి... రెండు... మూడు...

టక్... టక్... టకటకటక...

కాలు పైమెట్టు మీదే ఉండిపోయింది. ఒళ్ళంతా చెమట. పరిగెత్తుదామంటే కాళ్ళు మాట వినలేదు — చెవులు మాత్రం పని మానలేదు.

టకటక... టప్!

దారం తెగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ తెగింది. ఆపైన చీకట్లోంచి — పెద్ద నిట్టూర్పు.

ముప్ఫై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. భయం ఒకవైపు, చిరాకు ఒకవైపు. చివరికి చిరాకే గెలిచింది. మిగిలిన మెట్లెక్కి గదిలోకి తొంగిచూసింది.

"ఎవరైతేనేం... పైదారం అంత బిగిస్తే తెగదా మరి?"

"అమ్మో!" అంటూ మిషను వెనక నుంచి నల్లటి ఆకారం ఎగిరి పడింది. కింద పెట్టిన టార్చి దొర్లి, వెలుగు ఆ ముఖం మీద పడింది. బుర్ర మీసాలు, ఖాకీ చొక్కా. మ్యూజియం వాచ్‌మన్!

"ఎవరికీ చెప్పకండమ్మా," అన్నాడు గుసగుసగా. "ఇక్కడి వస్తువు ముట్టుకున్నానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. దెయ్యం పుకారు కూడా సగం నేను లేపిందే."

"ఏం కుడుతున్నావయ్యా?"

చెయ్యి చాపాడు. అరచేతిలో ఇమిడిపోయేంత తెల్లగౌను, ఒక చెయ్యి వంకర, ఒక చెయ్యి లేనేలేదు.

"మనవరాలమ్మా. ఏడో నెలకే పుట్టేసింది. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో అద్దాలపెట్టెలోనే... రేపు ఇంటికి తెస్తున్నారు. కొట్లో ఏ గౌను చూసినా పిల్ల అందులో మునిగిపోతుంది. ఇంట్లో మిషను లేదు. నాకేమో పని రాదు. ఇది తొమ్మిదోది."

సూదక్క కిటికీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "లే అవతలికి," అంది.

వంకర చెయ్యి విప్పి మళ్ళీ కుట్టింది. రెండోది అతికించింది. మెడకు సన్నటి పట్టీ వేసింది. వాచ్‌మన్ టార్చి పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పావుగంటలో గౌను పూర్తయింది. దాన్ని గుండెలకు హత్తుకుంటే ఆ మీసాలు వణికాయి.

అప్పుడు — కింద మెట్టు కిర్రుమంది.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"ఏ...మే..." సన్నగా వణికే గొంతు. "ఉన్నావా... పోయావా...?"

వాచ్‌మన్ చటుక్కున టార్చి ఆర్పేశాడు. అప్పుడు చూడాలి! వదినగారు మోకాళ్ళ నొప్పుల మాటే మరిచి గులాబీల మీదుగా గేటు దాకా ఒకటే పరుగు.

సూదక్క తాపీగా వెళ్ళి ఆవిణ్ణి కలుసుకుంది.

"ఏమే... పైన... ఎవరే?"

సూదక్క కళ్ళజోడు సర్దుకుంది.

"దెయ్యమే వదినా. అబద్ధమెందుకూ... మీసాలు కూడా ఉన్నాయి."