ఎవరి వారం మనిషి

ఇల్లు కొనేవాడు ఇంటితోపాటు ఇరుగుపొరుగునూ చూసుకుంటాడు. వారం కొనేవాడికి ఆ బుద్ధి పుట్టదు. ఫికీలెకూ పుట్టలేదు. అలాగని తెలివితక్కువదేం కాదు. మారిట్జ్‌బర్గ్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు, సంతలో టమాటాని కూడా నొక్కి చూడందే కొనదు.

డ్రాకెన్స్‌బర్గ్ కొండల కింద ఒక విడిది ఉంది. గడ్డికప్పు ఇళ్ళు, మధ్యలో ఈతకొలను. ఒక్కో ఇంటినీ వారాల లెక్కన యాభై రెండు కుటుంబాలకు అమ్ముతారు. దాన్నే టైమ్‌షేర్ అంటారు. నీ వారం నీది, మిగతా ఏడాదంతా ఆ మంచాల మీద ఎవరెవరో పడుకుంటారు. ఫికీలె తల్లి ఆ విడిదిలోనే దుప్పట్లు ఉతికి ఉతికి ముసలిదైంది. సెలవుల్లో తల్లి వెంట వెళ్ళిన ఫికీలె, బట్టలుతికే గది గుమ్మంలో కూర్చుని కొలనులో కేరింతలు కొట్టే పిల్లల్ని చూస్తూ పెరిగింది. తన ఏడేళ్ళ కూతురు ఒల్వేతు ఆ నీళ్ళలో దర్జాగా దిగాలని ఆమె కోరిక. మొగుడు రోడ్డు ప్రమాదంలో పోయాక ఆమెకు మిగిలింది ఆ పిల్లే.

తోలకేలే పెద్దమ్మను సలహా అడిగింది. ఉచిత భోజనమంటే వెళ్ళి, టై కట్టిన కుర్రాళ్ళ మాటలకు పడిపోయి, కొత్త వారం కొని చేతులు కాల్చుకున్న మనిషి ఆవిడ. అడిగిందే చాలన్నట్టు మొదలుపెట్టింది. కొత్తది కొనకు, ఒకరు వాడి అమ్ముకునేది కొనుక్కో. ఎందుకు అమ్ముతున్నాడో అడుగు. ఏటేటా విడిది నిర్వహణకు కట్టే లెవీ బాకీ లేదని విడిది ఆఫీసువాళ్ళతోనే చెప్పించుకో, అమ్మేవాడి మాట నమ్మకు. పేరు మార్చడానికి వాళ్ళు ఒప్పుకున్నాకే డబ్బు చేతులు మారాలి. మళ్ళీ అమ్ముదామంటే కొనే నాథుడుండడు, లాభం మాట మరిచిపో. సంతకానికి ముందు, ఆ వారంలోనే, ఒక రాత్రి అక్కడ పడుకుని చూడు.

"ఇంకోటి," అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. "అక్కడ ఎవరైనా పోయారేమో అడుగు. పోయుంటే, వచ్చి తీసుకెళ్ళారేమో అడుగు."

మా జులూ ఇళ్ళలో ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మనిషి పరాయిచోట పోతే, రేగుముళ్ళ కొమ్మ పట్టుకుని అక్కడికి వెళ్ళి, ఆ ఆత్మను కొమ్మ మీద పిలుచుకురావాలి. ఇదిగో మెట్లు, ఇదిగో వంతెన అని దారంతా కొమ్మకు చెబుతూ రావాలి. టాక్సీ ఎక్కితే దానికీ ఒక సీటు తీసుకోవాలి. కొమ్మ మోసేవాళ్ళు బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు. ఇల్లు చేరకముందే కొమ్మతో మాట తెగిందా, పోయినవాళ్ళు ఇక దారి వెతుక్కోరు, మోసినవాళ్ళనే పట్టుకుంటారు. ఫికీలె తన మొగుణ్ణి రోడ్డు మలుపు నుంచి అలాగే తెచ్చుకుంది. ఒల్వేతు అప్పటికి పాలు తాగే పిల్ల, ఏమీ చూడలేదు.

డిసెంబరు సెలవుల వారం అమ్ముతానన్నది హోవిక్ ఊళ్ళో ఉండే సిబీసి అనే పెద్దాయన. అంత గిరాకీ ఉన్న వారం అంత చవకగా ఎందుకో అని పెద్దమ్మ నొసలు ముడిచింది. ఆయన మాత్రం అడిగినవాటన్నిటికీ తిన్నగా జవాబు చెప్పాడు. బాకీల్లేవు. ఒక రాత్రి ఉండి చూసుకోమని తాళం చేతికిచ్చాడు. చావు సంగతి అడిగితే కూడా నీళ్ళు నమల్లేదు.

"మా వారంలో మా నాన్న అక్కడే పోయాడమ్మా. నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ఇంట్లోనే ఉన్నాడు."

ఫికీలె మనసు కుదుటపడింది. ఇంకేం అడుగుతుంది, పాపం.

విడిదికి వెళ్ళిన రోజు సాయంత్రం దాకా అంతా బాగానే ఉంది. ఒల్వేతు కొలనులో దిగి, పెదాలు వణుకుతున్నా పైకి రానంది. ఫికీలె గట్టున కూర్చుని తల్లిని తలుచుకుని ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. అంతలో కొండ మీంచి మంచు దిగింది. ఎదుటి ఇళ్ళు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. కొలను దగ్గరి పిల్లల గోల కూడా, ఎవరో మూత పెట్టినట్టు, ఆగిపోయింది. వీళ్ళు లోపలికొచ్చేసరికి రోజూ ఉండే కరెంటు కోత పడింది.

కొవ్వొత్తి వెలిగించి, గ్యాసు పొయ్యి మీద మొక్కజొన్న పిండి ఉడకేసింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. తడిసిన గడ్డి వాసన వేస్తోంది. ఆ వాసన వెనకాల ఇంకో వాసన... ఏళ్ళ తరబడి తెరవని పెట్టెలో బట్టల వాసన. పడకగదిలోంచి వస్తోంది.

పిల్ల గొంతు వినిపించింది.

"రండి... కుర్చీ ఉంది, తగులుతుంది. ఇటు రండి."

ఫికీలె గరిటె ఆగిపోయింది. ఒల్వేతు పెద్దమ్మనే నువ్వు అంటుంది. బడిలో హెడ్‌మాస్టరు గారిని నువ్వు అన్నందుకు మొన్నే చీవాట్లు తింది. ఆ నోట "రండి" అన్న మాట తల్లి ఎన్నడూ వినలేదు.

కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళింది. బీరువా పక్కన కుర్చీ వేసి ఉంది. పిల్ల గది మధ్యలో నిలబడి ఉంది, తడి జుట్టు మొహానికి అంటుకుని. రెండు చేతుల్లో ఒక కొమ్మ. జంట ముళ్ళు, ఒకటి నిటారు, ఒకటి కొక్కెం. రేగుముళ్ళ కొమ్మ. కట్టె మీద ఏళ్ళనాటి దుమ్ము పేరుకుంది. ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"ఎక్కడిదే అది?"

పిల్ల పలకలేదు.

"ఒల్వేతూ... అమ్మనే."

పిల్ల ఆమెను దాటుకుని నడిచింది. వాకిట్లో ఆగి, కొమ్మ వైపు వంగి, మెల్లగా అంది. "గుమ్మం ఎత్తు. కాలు చూసుకోండి."

ఫికీలె పైప్రాణాలు పైనే పోయాయి. ఈ ముక్కలు దానికెవరు నేర్పారు? సిబీసి అబద్ధమాడాడు, తండ్రిని ఇక్కడే వదిలేశాడు అనుకుంది. కొమ్మ లాక్కుందామని చెయ్యి చాచి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు మాట తెగితే పిల్లకు ఏమవుతుందో ఆమెకు తెలుసు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మొదలైన దాన్ని ఇల్లు చేర్చడమొక్కటే దారి. ఆ ఇల్లు హోవిక్‌లో ఉంది, తమ ఊరికి వెళ్ళే దారిలోనే.

పొయ్యి ఆర్పింది. సంచులు బండి వెనక డిక్కీలో పడేసింది. పిల్ల కొమ్మను ముందు సీట్లో, తల్లి పక్కన పడుకోబెట్టి, తను వెనక కూర్చుంది. బండి కదలగానే గంట మోగింది. టింగ్... టింగ్... సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది.

పిడికెడు కొమ్మకు అంత బరువెక్కడిది?

పిల్ల వెనకనుంచి వంగి బెల్టు పెట్టింది. గంట ఆగింది.

మంచులో దారి బారెడు దూరం కూడా కనబడలేదు. ఫికీలె పక్కకు చూడలేదు. వెనకనుంచి పిల్ల గొంతొక్కటే. వంతెన వచ్చిందండి. ఆవులు అడ్డొచ్చాయండి. మలుపండి, పట్టుకోండి. కారులో మూసిన పెట్టె వాసన నిండిపోయింది.

హోవిక్ చేరి హారన్ కొడితే, సిబీసి టార్చి పట్టుకుని గేటు దాకా వచ్చాడు. వెలుతురు పిల్ల మీద పడింది, కొమ్మ మీద పడింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీ నాన్నను తెచ్చాను, తీసుకోండి," అంది ఫికీలె. "పిల్ల చేతిలోంచి తీసుకోండి. మీకు దణ్ణం పెడతాను."

"మా నాన్న లోపలే ఉన్నాడమ్మా. నీకు అబద్ధం చెప్పలేదు."

"మరి ఇదెవరు?"

"నాకేం తెలుసు? ఆ ఇంటికి యాభై రెండు కుటుంబాలు. నువ్వు నా వారం సంగతి అడిగావు, నేను నా వారం సంగతి చెప్పాను." ఆయన గేటు రెక్క పట్టుకున్నాడు. "ఏటా వెళ్ళేసరికి అది బీరువా మీదే ఉండేది. ఎవరో పిలవడానికి వచ్చి, మధ్యలో వదిలేసి పోయారు. ఏ వారం వాళ్ళో... మేం ఏనాడూ ముట్టుకోలేదు."

"ముందే చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే కొంటావా?" అన్నాడాయన, తల దించుకుని. "ఇక్కడ దించకు తల్లీ. నాకూ మనవలున్నారు."

గేటు మూసుకుంది. టార్చి వెలుగు ఇంట్లోకి వెళ్ళిపోయింది. పిల్ల కొమ్మ పట్టుకుని అలాగే నిలబడింది, ఇప్పుడు ఎటని అడుగుతున్నట్టు. యాభై రెండు ఇళ్ళు. ఏ ఊళ్ళో, ఏ వీధిలో వెతుకుతుంది? ఎన్నాళ్ళు ఆ పిల్ల తల్లితో మాట్లాడకుండా తిరుగుతుంది? ఫికీలెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. కొమ్మను లాగేసింది. కొక్కెం ముల్లు అరచేతిని చీల్చింది. అయినా వదలకుండా, రోడ్డు అవతలి గడ్డిలోకి బలమంతా పెట్టి విసిరేసింది.

పిల్ల కళ్ళు ఆర్పింది.

"అమ్మా, ఆకలేస్తోంది," అంది.

ఫికీలె దాన్ని గుండెకు అదుముకుని భోరుమంది. వారమూ వద్దు, కొండా వద్దు, తల్లి బట్టలుతికిన చోట తను దొరసాని కానూ వద్దు. పిల్ల దక్కింది, చాలు. ఇంటికెళ్ళి మొక్కజొన్న పిండితో వేడిగా పుత్తు చేస్తానంది, మీదికి పుల్లటి పెరుగు పోస్తానంది. సరేనంది ఒల్వేతు, ఎప్పటి గొంతుతోనే. వెనక సీట్లో కూర్చోబెట్టి బండి తీసింది. మంచు పలచబడుతోంది. దూరాన మారిట్జ్‌బర్గ్ దీపాలు కనబడ్డాయి.

టింగ్...

ఫికీలె చేతులు బిగుసుకుపోయాయి. సంచులన్నీ డిక్కీలో ఉన్నాయి. పక్క సీటు ఖాళీ.

టింగ్... టింగ్...

వెనకనుంచి చిన్న చెయ్యి ఒకటి ముందుకొచ్చింది. ఖాళీ సీటుకు అడ్డంగా బెల్టు లాగి, పెట్టింది. గంట ఆగింది.

"ఇంకెంతో దూరం లేదండి," అంది ఒల్వేతు మెల్లగా. "అదిగో, మన ఇల్లు వచ్చేస్తోంది."