ముప్పై దాటితే

పై వాటా ఆవిడ కింద వాటా ఆవిడతో అన్నదట... "అతనికి సొంత కారా? సొంత గొడుగే లేదు! వాన పడితే మా మెట్ల కింద నిలబడతాడు!"

ఆ మాట కింద వాటా ఆవిడ నోట్లోంచి కాంపౌండర్ భార్య చెవికీ, భార్య నోట్లోంచి ఇప్పుడు కాంపౌండర్ చెవికీ చేరింది.

నడి అడవిలో. కదులుతున్న కారులో. గుసగుసగా.

వెనక సీట్లో మామ కునికిపాట్లు పడుతున్నాడు. ఆయన వినకూడదు.

కాంపౌండర్ చెవులు కాలిపోతున్నాయి. కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుంటోంది.

నలభై... యాభై... అరవై...

మలుపు!

సాయంత్రపు ఎండ సూటిగా కళ్ళలో పొడిచింది.

సైకిల్! ఖాకీ చొక్కా!

"ఏవండీ!"

ధడ్!

ఏదో తెల్లగా అద్దం మీద చిమ్మింది. కారు అడ్డంగా జారి ఆగింది.

కాంపౌండర్ పక్క అద్దంలోకి చూస్తున్నాడు. రోడ్డు వార సైకిల్ చక్రం తిరుగుతోంది. దాని పక్కన ఖాకీ చొక్కా. ఒక చెయ్యి లేచింది... పడింది.

బతికే ఉన్నాడు!

పద్దెనిమిదేళ్ళుగా కట్లు కడుతున్న మనిషి కాంపౌండర్. దిగాలి. రక్తం ఎక్కడ కారుతోందో అక్కడ నొక్కి పట్టాలి. ఆ పని నిద్రలో లేపినా చేస్తాడు.

చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది.

వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది. గేరు మీద పడింది.

కారు కదిలింది!

"ఏంటల్లుడూ అది?" మామ కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"జింక మావయ్యా... పొదల్లోకి పోయింది."

మామ ముందుకు వంగాడు. అద్దమంతా తెల్లటి సున్నం కారుతోంది.

"జింకకి బెల్లుంటుందా అల్లుడూ? ట్రింగుమంది. సున్నం డబ్బా కూడా మోస్తుందా?"

కాంపౌండర్ వైపర్ వేశాడు. సున్నం ఇంకా పులుముకుంది.

"వెనక్కి తిప్పండి!" అంది భార్య. "కట్లు కట్టే మనిషి మీరు! తిప్పండి!"

"ఇది వన్ వే. వెనక్కి తిప్పకూడదు."

"అరవైలో పోయినప్పుడు గుర్తురాని రూలు ఇప్పుడొచ్చిందా?"

అతను తల తిప్పలేదు. తిప్పితే ఆమె కళ్ళు చూడాలి.

మూడు రోజులు... మూడు పార్కులు... అంతా ఆ ఒక్క మాట కోసం! పోయినసారి వచ్చినప్పుడు పెళ్ళిపందిట్లో పదిమంది ముందు మామ అన్నాడు. "స్కూటర్ మీద తిప్పి తిప్పి నా కూతురి నడుం విరగ్గొట్టావయ్యా!" ఈసారి మామ బండి దిగేసరికి స్టేషన్ బయట కారు. "కొన్నాను మావయ్యా" అన్నాడు. ఏనుగుల్ని చూపించాడు, మొసళ్ళని చూపించాడు. ఇది ఆఖరి పార్కు. రేపు పొద్దున్నే కారు వెనక్కిచ్చెయ్యాలి.

తాళం ఇస్తూ అద్దె కార్లాయన స్టీరింగ్ కింద నల్ల డబ్బా చూపించాడు. "పార్కుల్లో ముప్పై దాటితే అరుస్తుంది సార్. అరిస్తే కంగారుపడకండి, కాలు తియ్యండి. అంతే."

కాంపౌండర్ ఆ సాయంత్రమే దాని వైరు పీకేశాడు.

అది అరిస్తే మామ అడుగుతాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. అద్దె కారని ఇట్టే పట్టేస్తాడు!

అందుకే అది అరవలేదు.

నలభై దగ్గరా అరవలేదు. అరవై దగ్గరా అరవలేదు.

"గేటు వాళ్ళిచ్చిన చీటీ ఏది?" కాంపౌండర్ చెయ్యి చాపాడు.

భార్య ఇవ్వలేదు. డాష్‌బోర్డు మీంచి తనే లాక్కున్నాడు.

లోపలికి వచ్చిన టైం... నాలుగూ పది. అవతలి గేటుకి నలభై కిలోమీటర్లు. ఎనభై నిమిషాలకంటే ముందు చేరితే స్పీడు దాటినట్టే! బండి పక్కన పెట్టించి అంగుళం అంగుళం చూస్తారు.

ఇప్పుడు నాలుగూ నలభై అయిదు. ఇంకా పదిహేను కిలోమీటర్లు. అయిదున్నరకి ముందు గేటు దగ్గర కనపడకూడదు!

పారిపోవాలి... కానీ ఇరవైలో పారిపోవాలి!

కాలు తీశాడు. కారు నత్తలా పాకుతోంది.

రోడ్డు వార కిలోమీటరు రాయి. తడి ఆరని సున్నం. ఇరవై ఆరు.

ఇంకోటి. ఇరవై ఏడు. తెల్లగా... కొత్తగా...

అవతలి గేటు నుంచి ఒక్కో రాయికీ సున్నం వేసుకుంటూ వచ్చాడన్నమాట ఆ మనిషి. ఇరవై అయిదో రాయి దాకా రాలేకపోయాడు.

కాంపౌండర్ రాళ్ళ వైపు చూడటం మానేశాడు. అయినా అవి అతన్నే చూస్తున్నాయి.

అప్పుడు వినపడింది.

పాఁ... పాఁ... పాఁ...

అద్దంలో దుమ్ము. దుమ్ములో రెండు లైట్లు. పార్కు వాళ్ళ జీపు!

"అయిపోయింది..." అన్నాడు కాంపౌండర్. "చూసేశారు!"

టైం గీం గాలికి పోయింది. కాలు నేలకంటా నొక్కాడు.

జీపు కుడివైపు వచ్చింది. కుడికి తిప్పాడు!

ఎడమవైపు వచ్చింది. ఎడమకి తిప్పాడు!

"పక్కకి తియ్యి అల్లుడూ!" మామ సీటు పట్టుకుని అరుస్తున్నాడు. "బండికి దారియ్యి!"

"ఇస్తే ముందుకొచ్చి అడ్డం పెడతారు మావయ్యా! మీకు తెలీదు! ఈ కారు..."

మామ ఆ మాట పూర్తి చేశాడు.

"అద్దె కారు. తెలుసు."

స్టీరింగ్ చేతిలో అదిరింది.

"మొదటిరోజే తెలుసు. చుట్టూ తిరిగి ఒక్కో గీతకీ ఫోటో తీశావు. సొంత కారు గీతలు ఎవడైనా ఫోటో తీసుకుంటాడా? నా కూతురి కోసం పడుతున్న తిప్పలు కదా అని నోరు మూసుకున్నాను." మామ గొంతు తగ్గింది. "ఆపు నాయనా. ఇంక సిగ్గుపడేందుకేం మిగల్లేదు. ఆపు."

తెలుసట!

వైరు ఎందుకు పీకాడు మరి? ఎవరి దగ్గర దాచాడు?

భార్య మొహం చేతుల్లో దాచుకుంది.

ఆపాలి. ఆపెయ్యాలి... కాలు వినడం లేదు!

వంతెన! ఒక్క బండి పట్టే వంతెన!

జీపు చివరిసారి తెగించింది. కారు పక్కకి వచ్చేసింది. కిటికీలోంచి ఒక చెయ్యి ఊగుతోంది. ఎవరో ఏదో అరుస్తున్నారు...

కాంపౌండర్ స్టీరింగ్ అడ్డంగా తిప్పేశాడు!

కీచ్‌చ్‌...!

జీపు బ్రేకుల మీద ఊగి, రాతి పిట్టగోడకి రాసుకుని, వెనక్కి పడిపోయింది.

వంతెన దాటాక చాలాసేపటికి గానీ హారన్ మళ్ళీ వినపడలేదు.

ముప్పై ఆరు... ముప్పై ఎనిమిది... తెల్లటి రాళ్ళు...

గేటు!

కర్ర దించి ఉంది. గేటు కాపలాదారు పరుగెత్తుకొస్తున్నాడు.

కారు ఆగింది. కాంపౌండర్ దిగాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను చూడలేదండీ! మలుపులో ఎండ కొట్టింది! కావాలని గుద్దలేదు!"

కాపలాదారు ఆగాడు.

"ఎవర్ని?"



కాపలాదారు కళ్ళు మెల్లగా బానెట్ మీదికి వెళ్ళాయి. సొట్ట. సున్నం.

జీపు వచ్చి ఆగింది. డ్రైవర్ దూకాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"సైకిల్ మీంచి పడ్డాడనుకున్నాను..." అన్నాడు కాపలాదారుతో. తర్వాత కారు వైపు తిరిగాడు. "మీకేమైంది సార్? మిమ్మల్నెవరు తరిమారు? దారి అడిగాను!"

కాంపౌండర్ ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. ఎక్కడ దించుకోవాలో తెలియడం లేదు.

"నీ ఫోన్ రాగానే పిలిచాను, అంబులెన్స్ దార్లో ఉంది!" కాపలాదారు జీపు వెనక్కి పరుగెత్తాడు. "అయిదు నిమిషాలు! ఈలోగా వైద్యం తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

భార్య కాంపౌండర్ వైపు చూసింది.

ఒక క్షణం... రెండు...

ఆ రెండు క్షణాలూ అతను వైద్యం తెలియనివాడిలాగే నిలబడ్డాడు!

"వెళ్ళవయ్యా," అన్నాడు మామ.

వెళ్ళాడు. జీపు ఎక్కాడు. ఖాకీ చొక్కా. గోళ్ళ సందుల్లో సున్నం. తొడ మీద కట్టిన తువ్వాలు జారి ఉంది. పైకి కట్టాలి. ఇంకో నాలుగు వేళ్ళు పైకి. అంతే తేడా.

వేళ్ళు మణికట్టు మీద పెట్టాడు. వెతికాడు.

మెడ మీద పెట్టాడు. వెతికాడు.

రొమ్ము మీద చెవి ఆనించాడు. చేతులు పెట్టి నొక్కాడు. నొక్కాడు... నొక్కుతూనే ఉన్నాడు... చెమట ఖాకీ చొక్కా మీద పడుతోంది. మళ్ళీ చెవి ఆనించాడు.

తలెత్తాడు. భార్య, మామ, కాపలాదారు... అందరూ జీపు చుట్టూ నిలబడి ఉన్నారు.

"దార్లో... ఏమైనా మాట్లాడాడా?" జీపు డ్రైవర్ని అడిగాడు. "ఎందాకా మాట్లాడాడు?"

జీపు డ్రైవర్ ఎర్రటి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"వంతెన దగ్గర నువ్వు అడ్డం తిప్పేదాకా."