అద్దం మీద అరచెయ్యి

ఆ కింది గది మంచిది కాదంటారు. వేలిముద్రలు పరీక్షించే ఆఫీసులో మెట్లు దిగి వెళ్తే చివర్న ఉంటుంది. పగలు ఎవరైనా వెళ్తారు. చీకటి పడ్డాక మాత్రం అక్కడి యంత్రం అద్దంలో ఒక చెయ్యి కనిపిస్తుందని... లోపలి నుంచి అద్దాన్ని నెడుతున్నట్టు ఉంటుందని చెప్పుకుంటారు. అది చూసి ఒకాయన బదిలీ చేయించుకుని మరీ వెళ్లిపోయాడు.

మా బావ అక్కడే పని చేస్తాడు. మా అక్క మొగుడు. బల్లి కనిపిస్తే మంచమెక్కే మనిషి, మాటలు మాత్రం కోటలు దాటతాయి. "దెయ్యాలకి వేరే పనేం లేదా, మా ఆఫీసులో చేరడానికి?" అని నవ్వేవాడు. ఆ రాత్రి సంగతి ఆయన నాకు చెప్పినట్టే చెబుతున్నా.

ఒక ముసలావిడ మంచంలోనే చనిపోయింది. మొహం మీద ప్లాస్టిక్ కవర్ అదిమి ఎవరో ఊపిరాడకుండా చేశారు. ఆవిణ్ణి చూసుకునే ఆయాని పట్టుకెళ్లి లోపల వేశారు. మర్నాడు కోర్టు. ఆ కవర్ మీద వేరే ఎవరి ముద్రయినా ఉంటే ఆయా బయటపడుతుంది. లేకపోతే ఇక అంతే సంగతులు.

ఆయా మొగుడు పొద్దుట్నుంచీ ఆఫీసు గేటు దగ్గరే ఉన్నాడు. బావని చూసి లేచి నిలబడ్డాడు.

"చీమకి కూడా అపకారం చెయ్యదండీ అది. కాస్త జాగ్రత్తగా చూడండి."

"చూస్తాలే, నువ్వు కూర్చో," అన్నాడు బావ.

తోడు రావాల్సిన ఆయన మెట్ల దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు కానియ్ గురూ... నేను పైన ఉంటా." బావ ఒక్కడే దిగాడు.

ఆ పని ఇలా ఉంటుందట. కవర్‌ని యంత్రంలో వేలాడదీసి, తలుపు బిగించి, లోపలి గాలంతా లాగేస్తారు. ముందు కాసింత బంగారం, తర్వాత జింకు – వేడికి ఆవిరై కవర్ మీద కంటికి ఆననంత పల్చటి పూతలా పడతాయి. వేలు తగిలిన చోట మాత్రం జింకు పట్టదు. చుట్టూ బూడిదరంగు తిరిగి, వేలి గీతలు ఖాళీగా మిగిలిపోతాయి. అవి తేటపడ్డ క్షణంలో ఆపెయ్యాలి. ఆలస్యమైందా, పూత గీతల మీదికీ ఎక్కి అన్నిటినీ పూడ్చేస్తుంది. రెండోసారంటూ ఉండదు. అందుకే తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి లోపలికి కళ్లప్పగించి నిలబడాలి.

బావ గది లైటు ఆర్పాడు. పంపు మూలుగుతోంది. బంగారం అయింది. జింకు మొదలెట్టాడు.

కవర్ మెల్లగా రంగు తిరిగింది. అంచున ఒక ముద్ర తేలుతోంది... బొటనవేలు. ఇంత వెడల్పు. ఆయా ముద్రలు ఆయన పొద్దున్నే చూశాడు, ఆవిడవి చిన్నపిల్లల వేళ్లు. ఇది ఆవిడది కాదు! గీతలు ఇంకా విడిపోలేదు. ఇంకొంచెం... ఇంకొక్క కొంచెం.

అప్పుడు అద్దం మసకబారింది.

మసకలో ఐదు వేళ్లు. తర్వాత అరచెయ్యి. లోపలి నుంచి – గాలి కూడా లేని చోటు నుంచి – అద్దానికి ఆనించి ఉంది. ముడతలు పడ్డ చెయ్యి. ముసలి చెయ్యి.

అద్దమంతా కమ్ముకుపోతోంది, ఆ చెయ్యి ఉన్న మేరే తేటగా ఉంది. కవర్ చూడాలంటే ఆ అరచేతికి కన్ను ఆనించి చూడాలి. చూడకుండా ఆపేస్తే గీతలు అందాయో లేదో తెలీదు. ఆపకపోతే పూడిపోతాయి. ఒక్కసారి చూస్తే చాలు.

"కాళ్లు నా మాట వినలేదే," అన్నాడు నాతో. వెనక్కి వెనక్కి జరిగి గోడకి అతుక్కుపోయాడట.

ఎంతసేపటికో... కళ్లు మూసుకుని వచ్చి స్విచ్ నొక్కాడు. గాలి వదిలి తలుపు తీశాడు. లోపల ఎవరూ లేరు. కవర్ మొత్తం ఒకే బూడిదరంగు. ఎక్కడా ఒక్క గీత లేదు.

తెల్లారి ఊడ్చే పెద్దమ్మ వచ్చింది. బావ అద్దం చూపించాడు. ఆవిడ తాపీగా తన చెయ్యి చూసుకుంది.

"నాదే బాబూ. మసిగా ఉంటోందని సాయంత్రం పోతూ పోతూ లోపల తుడుస్తుంటా. నడుం పట్టేస్తే అద్దం మీద చెయ్యేసి లేస్తా. పొద్దున్నే మీరు మళ్లీ తుడుచుకునే పని తగ్గుతుంది కదాని..."

అదీ ఆ గది దెయ్యం. చెయ్యి తగిలిన చోట అద్దానికీ పూత పట్టలేదు, అంతే. వేలిముద్రల మీద బతికే మనిషి ముద్రని చూసే జడుసుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. నాకు నవ్వు రాలేదు.

బావ పై అధికారి దగ్గరికి పరిగెత్తాడు. "ముద్ర ఉంది సార్. మగవాడిది. నా కళ్లతో చూశాను."

"ఫొటో ఏదయ్యా?" అన్నాడాయన.

బయటికొస్తే గేటు దగ్గర ఆయా మొగుడు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నా కనిపించిందాండీ?"

బావ అబద్ధమాడలేక తలూపాడు. "కనిపించింది. మీ ఆవిడది కాదు..."

ఆ తర్వాత మాట కోసం వెతుక్కునే లోపే అతను బావ చేతులు రెండూ కళ్లకద్దుకున్నాడు. ఆ మాట తనే ముందు పెళ్లానికి చెప్పాలని కోర్టు వైపు పరుగెత్తాడు.