కొమ్ముల తాబేళ్ల దిబ్బ

ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీయగానే పడవలు బయలుదేరతాయి. లేమావుకి ఒక్క పనే మిగిలింది, అమ్మ తల తెచ్చుకోవడం. పాతిన మనిషి కండ కరిగిపోయాక కూతురు పుర్రె తీసి, సముద్రంలో కడిగి, కుండలో పెట్టి ఇంట్లో ఉంచుకోవాలి. తీయకపోతే తల్లి దారీతెన్నూ లేకుండా ఆ మట్టిలోనే ఒంటరిగా ఉండిపోతుంది. కొత్త దీవికి పోయాక వెనక్కి వచ్చేదెవరు?

పోవడం ఎందుకంటే, ఇక్కడ తాబేళ్లు అయిపోయాయి. తాతలు దిగిన నాడు దీవి నిండా కొమ్ముల తాబేళ్లే, ఒక్కోటీ మనిషి మోయలేనంత. పాపం, పరిగెత్తడం కూడా రాదు వాటికి. తేరగా దొరికిన తిండికి హద్దేముంది? లేమావు తమ్ముడు తలోను అందులో ఆరితేరాడు. శ్మశానం ఇసుకలో వాటిని వెల్లకిలా తిప్పి వదిలేసేవాడు. చంపితే మాంసం కుళ్లుతుందని, ప్రాణం ఉండగానే పూటకో కాలు కోసేవాడు. ఎముకలూ కొవ్వూ సమాధుల మీదే దిబ్బగా విసిరేవాడు. అమ్మని పాతిన చోట ఇదేం పాడుపని అని ఆమె తిడితే, చచ్చినవాళ్లకీ కాస్త కూర అందుతుందిలే అని నవ్వేవాడు.

పొద్దు వాలుతుండగా ఆమె ఆ దిబ్బ తవ్వింది. కుళ్లిన కొవ్వు గోళ్లలోకి ఎక్కింది. తెల్లటి పురుగులు మణికట్టు దాకా పాకాయి. కక్కుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ తవ్వింది. తలోను ముక్కు మూసుకుని ఆఖరి తాబేలు పక్కన నిలబడ్డాడు. దానికి ఒక్క కాలూ లేదు. ఇంకా బుసబుసమని ఊపిరి తీస్తూనే ఉంది.

"దాన్ని చంపెయ్యరా," అంది లేమావు.

"పడవలోకి, అక్కా. దారిలో కుళ్లకుండా ఉంటుంది."

ఆమెకి తమ్ముడి మొహం చూడాలంటేనే రోత పుట్టింది. ఇంతలో తీరం నుంచి ఎవరో పిలిస్తే, త్వరగా రమ్మని చెప్పి వెళ్లిపోయాడు.

అమ్మ భుజం ఎముకలు తగిలాయి. ఆ పైన మెడ. ఆ పైన... ఇసుక.

తల లేదు.

చుట్టూ చేతులతో వెతికింది. ఎక్కడా లేదు. అప్పుడు గమనించింది. వెనక ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఏదో నములుతున్న చప్పుడు...

తిరిగి చూసింది. తాబేలు మెడ చివర కొమ్ముల తల లేదు. అమ్మ పుర్రె ఉంది. ముందు పళ్లు రెండు ఊడిన ఆ నోరు ఆమె ఎరిగిందే. పళ్ల సందుల్లో పచ్చి గడ్డి.

"అమ్మా..." అంది.

దవడ ఆగింది. మళ్లీ కదిలింది.

పారిపోవాలనిపించింది. కాని ఇప్పుడు పోతే అమ్మ ఇక్కడే, ఈ కుళ్లులోనే. కళ్లు మూసుకుని రెండు చేతులా పట్టుకుంది. వెచ్చగా ఉంది. లాగింది. జిగురు తెగినట్టు ఊడి వచ్చింది.

సముద్రంలో ఎంత కడిగినా వాసన పోలేదు. తిప్పి చూస్తే, పుర్రె కింద నుంచి ముడతల మెడ ఒకటి బయటికి సాగి, మళ్లీ లోపలికి ముడుచుకుంది. లేమావు గబగబా కుండలో పెట్టి మూత బిగించింది.

"అమ్మ దొరికిందా?" పడవలో తలోను గొంతు తగ్గించి అడిగాడు.

"దొరికింది."

"ఏం పెట్టావే లోపల? నములుతున్న చప్పుడొస్తోంది."

అమ్మ తల తప్ప ఆమె ఏమీ పెట్టలేదు.