దీపం కొండెక్కింది

రేవు పైలట్‌ను పట్టపగలే కాల్చేశారు. ఇరుకైన జలసంధిలో ఓడలకు దారి చూపే మనిషి అతను. అతని బదులు ఇంకెవడో సిమెంట్ ఓడ ఎక్కి, సరిగ్గా జలసంధి గొంతులో లంగరు దించాడు.

"అందులో సిమెంట్ లేదు. నీటి అడుగున పేలే బాంబులున్నాయి," అన్నాడు చీఫ్. లాండ్రీ వెనకగది. ఇస్త్రీ ఆవిరికి ఆయన కళ్ళద్దాలు మసకబారాయి. "ఇప్పుడే పట్టుకోబోతే పేల్చి దారి మూసేస్తారు. ఈ సాయంత్రం మన దీపం ఆ ఓడ కిందనుంచే వెళ్ళాలి."

దీపం అంటే అణు క్షిపణులున్న సబ్‌మెరీన్. కొండ కింద సొరంగంలో దాని స్థావరం.

"రేపు పంపితే?" అడిగాడు ఏజెంట్ డేగ.

"జలసంధి రేపటిలోగా అప్పగించకపోతే దాడేనని శత్రుదేశం బెదిరింపు! దీపం నడిసముద్రం చేరిందా, మన మీద చెయ్యెత్తేముందు ఎవడైనా పదిసార్లు ఆలోచిస్తాడు. అది బాంబు వెయ్యడానికి కాదురా, వేయించుకోకుండా ఉండటానికి. మర్యాదగా అడిగితే దారిస్తాం. బెదిరిస్తే చెంబెడు ఉప్పునీళ్ళు కూడా ఇవ్వం!"

చీఫ్ గొంతు తగ్గించాడు. "రేవు మోతలో సబ్‌మెరీన్ చప్పుడు వాళ్ళకి వినపడదు. ఎప్పుడు పేల్చాలో చెప్పేది మన లోపలిమనిషే. నా అనుమానం మేడమ్ మీద."

మేడమ్ డిపార్ట్‌మెంట్‌లో కోడ్ నిపుణురాలు. పరాయిదేశంలో పుట్టి, మన భాషలో గోల్డ్ మెడల్ కొట్టిన అందగత్తె.

"పీకమీదికొస్తే నన్ను బాబాయ్ అను. అర్థం చేసుకుంటా."

"ఎప్పట్నుంచో అలాగే పిలవాలనుంది సార్."

"చాల్లే, నడు."

సాయంత్రం గ్యాస్ సిలిండర్ భుజానేసుకుని ఏసీ మెకానిక్ వేషంలో డేగ ఆమె హోటల్ గదిలో అడుగుపెట్టాడు. తలుపు మూసిన మేడమ్ చేతిలో పిస్టల్ మెరిసింది.

"మెకానిక్ గారి గోళ్ళలో మట్టి లేదే!" ఆమె అతని స్క్రూడ్రైవర్ పిడి తిప్పింది. లోపల రేడియో. "దీపం ఎక్కడుందో మీ చీఫ్‌ని అడుగు."

కిటికీలోంచి సిమెంట్ ఓడ కనిపిస్తోంది. సబ్‌మెరీన్ ఈపాటికి దాన్ని సమీపిస్తూ ఉంటుంది.

"బాబాయ్, దీపం సంగతేంటి?"

 అవతలనుంచి చీఫ్ నీరసమైన గొంతు.

"ఏం చెప్పమంటావురా అబ్బాయ్. ఇందాకే దీపం కొండెక్కింది."

మేడమ్ పెదవులు విచ్చుకున్నాయి. తన ట్రాన్స్‌మిటర్‌లో చెప్పింది: "పేల్చకండి. సబ్‌మెరీన్ కొండకి తిరిగెళ్ళిపోయింది."

ఓడలో మీట మీద బిగిసిన చెయ్యి వెనక్కి వచ్చింది. సరిగ్గా ఆ ఓడ అడుగునుంచే సబ్‌మెరీన్ జారుకుపోయింది.

డేగ కిటికీలోంచి ఆ ఓడనే చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికో రేడియో గరగరలాడింది.

"గట్టెక్కింది, అబ్బాయ్!"

మేడమ్ ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటు చాలు. డేగ సిలిండర్‌లోని గ్యాస్ ఆమె ముఖం మీద బుస్సుమంది. పిస్టల్ అతని చేతిలోకి వచ్చింది.

"కొండెక్కిందన్నాడుగా!" దగ్గుతూ అరిచింది.

"ఎక్కింది మేడమ్. మా ఇళ్ళల్లో దీపం ఆరిందని నోటితో అనం, అపశకునం. కొండెక్కిందంటాం. అంటే, ఇక కనపడదని."

"ఏ పాఠంలోనూ చెప్పలేదే!"

"మా అమ్మమ్మ దగ్గర చదవాల్సింది."

చీకటి పడేలోపు నేవీ సిమెంట్ ఓడను పట్టుకుంది. బెదిరించినవాళ్ళకి చీఫ్ రాయించిన జవాబు పొట్టిగా ఉంది: జలసంధి మాది. చేతనైతే రండి.

ఎవరూ రాలేదు.

బేడీలతో జీపెక్కుతూ మేడమ్ పళ్ళు నూరింది. "ఇలాంటి మాటలు మీ భాషలో ఇంకెన్నున్నాయి?"

"బోలెడు. జైల్లో తీరిగ్గా నేర్చుకోండి," అన్నాడు డేగ. "కాకపోతే పగలే చదువుకోవాలి. అక్కడ దీపం పెందలాడే కొండెక్కుతుంది."